మీ షేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?



షేర్లు కొనాలంటే డీమ్యాట్ ఖాతా కావాలి. దేశంలో ఇలాంటి ఖాతాలు 2022 ఆగస్టులో 10 కోట్లు దాటాయి. మూడేళ్లు తిరిగేసరికి 20 కోట్లు దాటిపోయాయి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, చేతిలో ఒక ఫోను ఉంటే చాలు, ఇంట్లో కూర్చుని అరగంటలో దరఖాస్తు పూర్తి చేయవచ్చు. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి నడిచిన కాలంలో షేరు కొంటే కాగితం సర్టిఫికెట్టు పోస్టులో రావాలి, అమ్మాలంటే బదిలీ పత్రం మీద సంతకం పెట్టాలి, ఆ సంతకం కుదరలేదంటే కాగితం తిరిగొచ్చేది. ఆ తిప్పలన్నీ పోయాయి, మంచిదే. కానీ ఖాతా తెరవడం సులువైన కొద్దీ, ఏ సంస్థ దగ్గర తెరవాలన్న ఆలోచన తగ్గిపోయింది. బావమరిది లింకు పంపాడనో, క్రికెట్ మ్యాచి మధ్యలో ప్రకటన చూశామనో, ఖాతా ఉచితం అన్నారనో తెరిచేస్తున్నాం. ఒక చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగేవాళ్లం, పదేళ్ల పొదుపు అప్పగించే చోటును మాత్రం ఇంకో సంస్థతో పోల్చి చూడడం లేదు.

పోల్చేవాళ్లు కూడా ముందుగా చూసేది బ్రోకరేజీ, అంటే సంస్థ తీసుకునే కమీషన్. అది చూడాల్సిందే, దాని గురించి లెక్కలతో సహా చెబుతాను. కానీ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. నేను కొన్న షేర్లు ఎవరి దగ్గర ఉంటాయి? వాటిని కదిలించే అధికారం ఎవరికి ఉంటుంది?

గుంటూరు మిర్చి యార్డు సంగతి తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు వేరు, బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ వేరు. షేర్ల విషయంలోనూ అంతే. బ్రోకరు అనేవాడు మన తరఫున ఎక్స్ఛేంజీలో కొని అమ్మిపెట్టే మధ్యవర్తి. షేర్లు దాచేది డిపాజిటరీ. దేశంలో డిపాజిటరీలు రెండే ఉన్నాయి. 1996లో మొదలైన ఎన్ఎస్‌డీఎల్ ఒకటి, 1999లో వచ్చిన సీడీఎస్ఎల్ రెండోది. మీరు ఏ యాప్ వాడినా మీ షేర్లు ఈ రెండింటిలో ఒకదాని పుస్తకాల్లో, మీ పేరు మీద ఉండాలి. యాప్‌లో కనిపించే అంకెలు బ్రోకరు చూపించేవి. డిపాజిటరీలో ఉన్నదే అసలు లెక్క.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మన హైదరాబాదే చూసింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సంస్థ. తెలుగు ప్రాంతాల్లో షేర్లు అంటే చాలామందికి ముందు గుర్తొచ్చిన పేరు అదే. 2019 నవంబరు 22న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కార్వీ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 95 వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లను, సుమారు 2,300 కోట్ల రూపాయల విలువైన వాటిని, ఆ సంస్థ తన అప్పుల కోసం తాకట్టు పెట్టిందని తేలింది. పూర్తి సొమ్ము కట్టి కొనుక్కున్న షేర్లు కూడా అందులో ఉన్నాయి. ఎక్స్ఛేంజీకి ఇచ్చే నివేదికల్లో చూపించని ఒక డీమ్యాట్ ఖాతాలోకి వాటిని మళ్లించారు.

ఇది ఎలా సాధ్యమైందంటే, ఖాతాదారుల చేత రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీ వల్ల. ఆ రోజుల్లో ఖాతా తెరవడమంటే పుస్తకమంత దరఖాస్తు. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఇచ్చేవాళ్లు, గుర్తు ఉన్న చోటల్లా మనం సంతకం పెట్టేవాళ్లం. ఆ సంతకాల్లో ఒకటి, మీ తరఫున మీ షేర్లను కదిలించే అధికారం బ్రోకరుకు ఇస్తుంది. అమ్మినప్పుడు షేర్లు తీసుకోవడానికి ఇచ్చిన అధికారం అది. దాన్ని అడ్డం పెట్టుకుని, అమ్మని షేర్లను కూడా తరలించారు.

డిసెంబరు మొదట్లోనే సుమారు 83 వేల మందికి వాళ్ల షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లో చేరాయి. డిపాజిటరీ, సెబీ వేగంగా కదలడం వల్ల అది జరిగింది. మిగిలినవాళ్లు చాలాకాలం తిరగాల్సి వచ్చింది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కార్వీని సభ్యత్వం నుంచి తొలగించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థను ఏడేళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది, ఆ మరుసటి నెలలో రిజిస్ట్రేషనే రద్దు చేసింది. ఊరూరా బోర్డు ఉన్నంత మాత్రాన, పేరు పాతదైనంత మాత్రాన సొమ్ము భద్రం కాదని అప్పుడు తేలిపోయింది.

ఆ దెబ్బ తరువాత నిబంధనలు చాలా మారాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం, అంటే లావాదేవీలకు హామీగా, తాకట్టు పెట్టినా షేర్లు మీ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీతో మీరు ఒప్పుకుంటేనే తాకట్టు పడుతుంది. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పత్రం వచ్చింది. అమ్మిన షేర్లను అప్పగించడం, మార్జిన్ తాకట్టు వంటి కొన్ని పనులకే అది పరిమితం. ఇప్పుడు మీరు కొన్న షేర్లు బ్రోకరు ఖాతా మీదుగా తిరక్కుండా నేరుగా మీ డీమ్యాట్‌లో పడతాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. డీడీపీఐ తప్పనిసరి కాదు. ఖాతా తెరిచేటప్పుడు యాప్ దాన్ని మీ ముందు పెడుతుంది, కొన్ని సంస్థలు దానికి రుసుము కూడా తీసుకుంటాయి. అది ఇవ్వకపోయినా సంస్థ మీకు ఖాతా తెరవాల్సిందే. ఇవ్వకపోతే, అమ్మే రోజున డిపాజిటరీ పంపిన పిన్ను, ఓటీపీ కొట్టాలి. అంతకుమించి ఇబ్బంది లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు అమ్మేవాళ్లకు డీడీపీఐ అవసరం లేదని నా అభిప్రాయం. ఆ ఓటీపీ కొట్టే అర నిమిషమే మీ షేర్లకు కాపలా.

ఇప్పుడు ఖర్చుల దగ్గరకు వద్దాం. ప్రతి సంస్థా తన రుసుముల పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టాలి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో సున్నా అని ఉంటుంది కానీ, ఆ పట్టిక మొత్తం చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం దగ్గర ఉంటే రాసుకోండి.

నెలకు 2,000 రూపాయల షేర్లు కొనే ఉద్యోగి ఒకరున్నారనుకుందాం. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునే సంస్థలో ఖాతా ఉంది. కొన్నప్పుడు 20 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 23 రూపాయల 60 పైసలు. అమ్మినప్పుడు మళ్లీ అంతే. సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ అంటే ఎస్‌టీటీ, వెయ్యికి రూపాయి చొప్పున రెండువైపులా కలిపి 4 రూపాయలు. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ 30 పైసలు. అమ్మిన రోజున డీపీ చార్జీ అని ఒకటి పడుతుంది, దాన్ని 16 రూపాయలు అనుకుందాం. ఎక్స్ఛేంజి రుసుము పైసల్లో ఉంటుంది. మొత్తం 67 రూపాయల పైచిలుకు. అంటే 2,000 రూపాయల షేరు మూడు శాతానికి పైగా పెరిగితే తప్ప అసలు కూడా చేతికి రాదు.

అదే మనిషి డెలివరీకి, అంటే కొని డీమ్యాట్‌లో ఉంచుకునే షేర్లకు, బ్రోకరేజీ లేని సంస్థకు వెళితే ఖర్చు 20 రూపాయల దరిదాపుల్లో తేలిపోతుంది. ఇంకొకరు ఒకేసారి 2 లక్షలకు కొన్నారనుకోండి. వాళ్లకు 20 రూపాయల బ్రోకరేజీ లెక్కలోకే రాదు, 400 రూపాయల ఎస్‌టీటీయే పెద్ద ఖర్చు. కానీ అర శాతం తీసుకునే సంస్థలో అయితే ఒకవైపే వెయ్యి రూపాయలు, జీఎస్టీ వేరే. అందుకే ఏ సంస్థ చవక అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు. మీరు ఎంత కొంటారు, ఎన్నిసార్లు కొంటారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది ముందు రాసుకుని, ఆ లెక్కను రెండు మూడు సంస్థల పట్టికలతో వేసి చూడండి. చాలా సంస్థలు తమ వెబ్‌సైట్‌లోనే బ్రోకరేజీ కాలిక్యులేటర్ పెట్టాయి.

డీపీ చార్జీ గురించి ఇంకో మాట. అది ఒక కంపెనీకి, ఒక రోజుకు ఇంత అని పడుతుంది. ఒక షేరు అమ్మినా వంద అమ్మినా అంతే. ఒకే కంపెనీ షేర్లను ఐదు రోజులపాటు రోజుకు కొన్ని చొప్పున అమ్మితే ఐదుసార్లు కట్టాలి. బ్రోకరేజీ సున్నా అన్నవాళ్లూ దీన్ని తీసుకుంటారు. ఒప్పంద పత్రంలో, అంటే లావాదేవీ జరిగిన రోజున ఈమెయిల్‌కు వచ్చే కాంట్రాక్టు నోటులో ఇది కనిపించదు, లెడ్జరులో విడిగా పడుతుంది. అందుకే చాలామంది గమనించరు.

ఏడాది నిర్వహణ చార్జీ కూడా చూడాలి. మొదటి ఏడాది ఉచితం అని, రెండో ఏడాది నుంచి వసూలు చేసే సంస్థలున్నాయి. చిన్న మదుపరుల కోసం బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ అనే సౌకర్యం ఉంది. మీ పేరు మీద మొదటి ఖాతాదారుగా ఒకే డీమ్యాట్ ఉండి, అందులోని షేర్ల విలువ 4 లక్షల లోపు ఉంటే ఏడాది చార్జీ కట్టనక్కరలేదు. 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి వంద రూపాయలు, జీఎస్టీ అదనం. 2024 సెప్టెంబరు నుంచి ఈ పరిమితులు అమల్లో ఉన్నాయి. ఆఫరు చూసి ఒకటి, బోనసు చూసి ఇంకొకటి తెరిచిన వాళ్లకు ఈ సౌకర్యం పోతుంది.

డెలివరీకి సున్నా తీసుకుంటే ఆ సంస్థకు ఆదాయం ఎక్కడ నుంచి వస్తుంది? ఈ ప్రశ్న ప్రతి మదుపరీ అడగాలి. ప్రధానంగా డెరివేటివ్స్ అనే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం నుంచి వస్తుంది. రోజుకు పదిసార్లు కొని అమ్మేవాళ్ల దగ్గర ఆర్డరుకు 20 చొప్పున వస్తుంది. అందుకే కొన్ని యాప్‌లలో ఆప్షన్స్ బొత్తాం ముందు తెర మీదే మెరుస్తుంది. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ లావాదేవీలు చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ డబ్బు చాలావరకు మధ్యతరగతి ఇళ్లలోది, చదువులకు, పెళ్లిళ్లకు దాచుకున్నది. నాకు ఈ అంకె చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

దరఖాస్తులో ఏయే విభాగాల్లో లావాదేవీలు చేస్తారని ఒక చోట అడుగుతారు. ఈక్విటీ, డెరివేటివ్స్, కరెన్సీ, కమోడిటీ అని గళ్లుంటాయి. ఈక్విటీ దగ్గర మాత్రమే టిక్కు పెట్టండి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టమని అడిగారంటే అది డెరివేటివ్స్ కోసమని గుర్తించండి, ఆ మెట్టు దాటేయండి. ఇప్పుడు కొని డబ్బు తరువాత కట్టండి అనే మార్జిన్ ట్రేడింగ్ సౌకర్యం కూడా అప్పే. రోజుకింత అని వడ్డీ పడుతూనే ఉంటుంది.

అదే దరఖాస్తులో మీ ఖాతాలో వాడకుండా మిగిలిన డబ్బును నెలకోసారి తిప్పి పంపాలా, మూడు నెలలకోసారా అని కూడా అడుగుతారు. నెలకోసారి అని ఎంచుకోండి. డబ్బు బ్యాంకులోనే ఉండాలనుకునే పెద్దవాళ్లకు, బ్యాంకులు ఇచ్చే త్రీ ఇన్ వన్ ఖాతా నయం. బ్రోకరేజీ కొంచెం ఎక్కువైనా, షేరు కొనేదాకా సొమ్ము మీ సేవింగ్స్ ఖాతాలోనే వడ్డీతో ఉంటుంది. పెద్ద బ్రోకర్ల దగ్గర యూపీఐ ద్వారా డబ్బును బ్యాంకులోనే నిలిపి ఉంచి కొనే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది.

సంస్థ నమ్మదగినదా కాదా అన్నది ఎలా తెలుస్తుంది? మొదట సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడాలి. తరువాత నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో బ్రోకర్ల మీద వచ్చిన ఫిర్యాదుల వివరాలు ఉంటాయి. పెద్ద సంస్థకు ఫిర్యాదులు ఎక్కువే ఉంటాయి, అందుకని ఎన్ని ఫిర్యాదులు అన్నది కాక, ఖాతాదారుల సంఖ్యతో పోలిస్తే ఎన్ని అన్నది చూడాలి.

ఇంకో పరీక్ష మీరే పెట్టవచ్చు. ఖాతా తెరవకముందే ఒక పనిదినాన ఉదయం తొమ్మిదీ ఇరవైకి, అంటే మార్కెట్ తెరిచిన ఐదు నిమిషాలకు, వాళ్ల వినియోగదారుల నంబరుకు ఫోను చేయండి. ఎంతసేపటికి మనిషి లైన్లోకి వస్తాడు? తెలుగులో మాట్లాడతాడా? యాప్ మొరాయిస్తే ఫోనులో అమ్మవచ్చా, దానికెంత తీసుకుంటారు అని అడగండి. మార్కెట్ పడిపోతున్న రోజున యాప్ నిలిచిపోయిన సందర్భాలు మన దేశంలో చాలా సంస్థలకు ఎదురయ్యాయి. ఆ రోజున పలికే ఫోను నంబరు లేని సంస్థ, ఎంత చవకైనా, కొత్తవాళ్లకు పనికిరాదు.

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన మామూలు ఖాతాను అమెరికానో ఆస్ట్రేలియానో వెళ్లాక కూడా అలాగే వాడుకోవడం కుదరదు. ప్రవాస హోదాకు మార్చుకోవాలి, ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతాతో కలుపుకోవాలి. ఒకే రోజులో కొని అమ్మే ఇంట్రాడే లావాదేవీలకు అనుమతి లేదు. వాళ్లకు రుసుములు కూడా వేరుగా ఉంటాయి, కాబట్టి ఇక్కడి తమ్ముడికి చవకైన సంస్థ అక్కడి అన్నకు చవక కాకపోవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా అసలైన సంస్థల మధ్య పోలిక. ఈ మధ్య పేరున్న సంస్థల గుర్తులు అతికించిన నకిలీ యాప్‌లు వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో తిరుగుతున్నాయి. వాటిలో మీ పెట్టుబడి రోజురోజుకూ పెరిగినట్టు కనిపిస్తుంది, తీసుకోబోతే మాత్రం ఇంకా పన్ను కట్టాలంటారు. ఒక గుర్తు పెట్టుకోండి. ఏ అసలైన బ్రోకరూ ఒక వ్యక్తి పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు డబ్బు పంపమనడు. 2025 అక్టోబరు నుంచి సెబీలో నమోదైన సంస్థల యూపీఐ చిరునామాలో వ్యాలిడ్ అన్న మాట ఉంటుంది, డబ్బు పంపే తెర మీద ఆకుపచ్చ త్రిభుజంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. అది లేకపోతే పంపవద్దు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి.

ఇప్పటికే ఖాతా ఉండి, నచ్చనివాళ్లు ఇరుక్కుపోయామని అనుకోనక్కరలేదు. పాత ఖాతా మూసి, అదే పేరు మీద ఉన్న కొత్త డీమ్యాట్‌లోకి షేర్లన్నీ మార్చుకుంటే బదిలీకి గానీ, మూసివేతకు గానీ రుసుము తీసుకోకూడదు.

ఖాతా ఎక్కడ తెరిచినా డిపాజిటరీ మీకు ఈమెయిల్‌లో ఒక స్టేట్‌మెంట్ పంపుతుంది. లావాదేవీ జరిగిన నెలలో వస్తుంది, జరగకపోతే ఆరు నెలలకోసారి వస్తుంది. దాన్ని తెరిచి, యాప్‌లో ఉన్న షేర్లతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. అందుకే దరఖాస్తులో మీ సొంత ఫోను నంబరు, సొంత ఈమెయిలే ఇవ్వండి. ఏజెంటుది గానీ, ఆఫీసులో సాయం చేసిన మిత్రుడిది గానీ ఇవ్వవద్దు. నామినీ పేరు కూడా ఆ రోజే రాసేయండి.

తేడా కనిపిస్తే ముందు బ్రోకరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, తేలకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో పెట్టండి. అక్కడ పెట్టిన ఫిర్యాదుకు ఆ సంస్థ 21 రోజుల్లోగా జవాబు చెప్పాలి. ఏ సందేహమున్నా సెబీ ఉచిత ఫోను నంబరు 1800 266 7575. మరోసారి చెబుతున్నాను, రాసుకోండి, 1800 266 7575.